గోడకు మైకు పెట్టిన మొనగాడు

మనిషి గొంతు పోగొట్టుకోవడానికి లోకంలో ఎన్నో దారులున్నాయి. చల్లనీళ్లు తాగొచ్చు, పక్కింటివాళ్లతో హద్దు తగాదా పెట్టుకోవచ్చు. నేను మాత్రం కొత్త మైకు కొనుక్కొచ్చి, సొంత ఇంట్లో, గొంగడి కప్పుకుని మరీ పోగొట్టుకున్నాను. నవ్వకుండా వింటానంటే చెబుతాను. నవ్వినా చెబుతాను, మొదలుపెట్టాక ఆగడం మా వృత్తిలో లేదు.

మా వృత్తి ఆటో మీద మైకు. బోధన్ చుట్టుపక్కల తప్పిపోయిన బర్రె, కొత్తగా తెరిచిన కంటి దవాఖాన, చెరకు రైతుల మీటింగు, ఏదైనా నా గొంతులోంచి రావాల్సిందే. బర్రె దొరికేదో లేదో గానీ, నా గొంతు మాత్రం రెండూళ్ల అవతలికి దొరికేది.

ఒక శుక్రవారం చీరల దుకాణం సేటు కుండ బద్దలు కొట్టాడు.

"రాజన్నా, ఎండల తిరుక్కుంట ఒర్రుడు ఎందుకే? ఇంట్ల కూసోని మంచిగ రికార్డ్ చేసి ఫోన్ల పంపు. అదే ఆటోల పెట్టుకొని తిరుగు. ఆదివారం పన్నెండింటి దాంక చూస్త. రాకుంటే కంప్యూటర్ గొంతు పెట్టిస్త. గదైతే చాయ్ సుత అడగది."

"కంప్యూటర్‌కు బోధన్ తెలుసా సేటూ?"

"తెల్వది. గని టైముకు వస్తది."

ఈ సేటు పోతే ఆయన వెనకాలే మిగతా దుకాణాలూ పోతాయి. ఆటో ఉంటుంది, దాని నెత్తిన హారన్ స్పీకరు ఉంటుంది, అందులో నేనుండను.

శనివారం నిజామాబాద్ పోయాను. దుకాణదారు రెండు యూఎస్‌బీ మైకులు ముందు పెట్టాడు.

"ఎన్ని వాట్లు?" అని ఠీవిగా అడిగాను.

"గీటికి వాట్ల ముచ్చట లేదన్నా."

"మరి హారన్ ఏడ పెట్టాలె?"

"హారనే లేదు. సప్పుడు లోపటికి పోతది, బయటికి రాదు."

విన్నది కడుపులో దాచుకునే రకమన్నమాట. మా బంధువుల్లో అలాంటివాళ్లు ఎవరూ లేరు కాబట్టి నాకు అర్థం కాలేదు. ఇక పుచ్చకాయ కొన్నట్టు రెండింటినీ వేలితో కొట్టి చూసి, అరచేతిలో తూచి, బరువున్నదాన్ని తెచ్చుకున్నాను.

ఆదివారం పొద్దున, హైదరాబాద్‌లో చదువుకునే మా అమ్మాయి శిరీషకు ఫోన్ చేశాను. ఆమె పాత ల్యాప్‌టాప్ ఇంట్లోనే ఉంది.

"ల్యాప్‌టాప్‌ల ఎర్ర గుండీ నొక్కితే రికార్డ్ అయితది బాపూ. రూముల గొంతు మోగుతది, దుప్పటి కప్పుకొని మాట్లాడు. ఇగ వైరేమో..."

"బిడ్డా, నువ్వు పుట్టకముందు సంది మైకులు పట్టుకుంటున్న. వైరు నాకు చెప్తవా?" అని ఫోన్ పెట్టేశాను.

మా ఆటో శాస్త్రంలో మైకుకు కావలసింది కరెంటు. ఈ వైరు కొస గోడకున్న ఫోన్ చార్జర్‌లో కొలిచి చేసినట్టు దూరింది. మైకు మీద ఎర్ర లైటు వెలిగింది. నా ముఖమూ వెలిగింది. ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను పిల్లిలా గుర్రుమంటుంటే, ఆ చప్పుడు మైకులో పడకూడదని, ఎర్ర గుండీ నొక్కి, దాన్ని తీసుకెళ్లి గడప దగ్గర బీడీలు చేస్తున్న నా భార్య సునీత పక్కన పెట్టాను. ఇవతలి మూలన గొంగడి కింద నేనూ, మైకూ, ఎండాకాలమూ.

"అక్కలారా, చెల్లెళ్లారా!" అని మొదలుపెట్టి, చెమటలో తడిసి బయటికొచ్చి విన్నాను. నా గొంతు బావిలో పడ్డ దూడ అరిచినట్టుంది. సునీత తునికాకు కత్తిరించే చప్పుడు మాత్రం కసక్ కసక్‌మని చెవి పక్కనే మోగుతోంది.

"మస్తు పవర్ మైకు! దూరంది దగ్గర పడుతున్నది, దగ్గరిది దూరం పడుతున్నది," అన్నాను.

"గట్లయితె నువ్వే దూరం జరుగరాదు!" అంది సునీత, కత్తెర ఆపకుండా.

దూరపు కొండలు నునుపైతే దూరపు గొంతులూ నునుపే కదా అని, గొంగడితో సహా వంటింట్లోకి జరిగి అరిచాను. ఈసారి దూడ కూడా లేదు, బావి ఒక్కటే ఉంది.

పదకొండున్నర దాటింది. మళ్లీ మూలకొచ్చి, గొంగడి నిండా కప్పుకుని, మైకును మూతికి ఆనించి, ప్రాణం పెట్టి చెప్పాను. ముఖం బయటపెట్టేసరికి ఎదురుగా పక్కింటి పోశక్క, చేతిలో గిలాస.

"ఒర్రుడు అయ్యిందా తమ్మీ? సర్ది లేకున్నా గీ మిరియాల కషాయం తాగు."

వినే తీరిక లేదు. సేటుకు పంపేసి కషాయం తాగాను.

పావుగంటలో ఫోన్. "రాజన్నా, బాయిల పడ్డవా ఏంది? నీ గొంతే లేదు. ఎవరో ఇద్దరు ఆడోళ్లు మాట్లాడుతున్నరు, విను."

వినిపించాడు. అక్షరం పొల్లుపోకుండా ఉంది.

"సునీతా, మీ ఆయనకు సర్దియా?"

"సర్ది కాదక్కా, చీరల ముచ్చట చెప్తున్నడు."

"ఎవరికి?"

"గొంగడికి! గిదో, నేను కట్టింది గా దుకాణం చీరనే. మూడేండ్లాయె. తునికాకు తడి, ఎండ, ఉతుకుడు, ఏం చేసినా రంగు పోలే. సేటు పిసినారి గని, చీరల మోసం లేదక్కా."

నా తిండి గోవిందా అనుకున్నాను.

"సేటూ, గదీ..."

"పిసినారి అన్న ముక్క కోసేస్త," అన్నాడు సేటు నిదానంగా. "మిగిలింది ఉండనియ్యి. గిసొంటి ముచ్చట ఏ కంప్యూటర్ చెప్తది? రేపటి సంది తిప్పు."

సాయంత్రం శిరీష వీడియో కాల్‌లో, "బాపూ, వైరు చూపియ్యి," అంది. వైరు వెంబడి ఫోన్ జరుపుకుంటూ పోతే గోడ వచ్చింది.

"నువ్వు పొద్దుటి సంది మైకుకు చార్జింగ్ పెట్టినవ్ బాపూ! విన్నది ల్యాప్‌టాప్ లోపటి మైకు. గది అమ్మ పక్కన ఉన్నది."

గోడకు చెవులుంటాయంటారు. నేను దానికి మైకు కూడా అమర్చాను.

మర్నాటి నుంచి నడిపేది నేను, నెత్తిమీద హారన్‌లో మోగేది సునీత. సేటు తన ముక్క కోసుకున్నాడు గానీ, "గొంగడికి!" అన్న ముక్క పదిలంగా ఉంచాడు. అది వచ్చినప్పుడల్లా ఊరంతా నా వైపే చూస్తుంది.

"రాజన్నా, వదిన మంచిగ చెప్తున్నది. నువ్వేంది ఊకున్నవ్?"

"ఇంట్ల సుత గంతే తమ్మీ."

కాబట్టి, ఎర్ర లైటు సాక్షిగా, గొంగడి తాకి ప్రమాణం చేస్తున్నాను: వైరు రెండో కొస ఎటు పోయిందో చూడనిదే ఈ జన్మలో మళ్లీ నోరు తెరవను. ఈ ప్రమాణమైనా గట్టిగా చదివి వినిపించేవాణ్ణే, కానీ ఆ పని ఇప్పుడు సునీతది.