బొటనవేలంత తెలుపు

పదకొండేళ్లుగా మోస్తున్నాను. దాని కొలత చెప్తే మీరు నవ్వుతారు. నా బొటనవేలంత. ఒక పిల్ల వేసిన బొమ్మలో రంగు తగలకుండా వదిలేసిన కాసింత తెల్ల కాగితం. దాన్ని నేను పోగొట్టాను. పొరపాటున కాదు, తెలిసి తెలిసి. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. మీకెందుకు చెప్తున్నానంటే, మీరు నా ముఖం చూడరు కాబట్టి.

నేను డ్రాయింగ్ టీచర్‌ని. గోదావరి ఒడ్డు వైపు, బొగ్గుబాయి క్వార్టర్ల మధ్య ఉన్న ఒక బడిలో పాతికేళ్లు చేశాను. గనిని మా దిక్కు బాయి అంటాం. మిగతా టీచర్లు సిలబస్ కాలేదని నా పీరియడ్ అడిగితే ఇచ్చేసేదాన్ని. పిల్లలు మామిడికాయ, జెండా, కొండల నడుమ సూర్యుడు వేసేవారు. నేను టిక్కు పెట్టేదాన్ని. అట్లా గడిచిపోతుంటే మౌనిక వచ్చింది.

మౌనిక తండ్రి బాయిలో పని చేసేవాడు. ఇంటర్ అయిపోయాక కూడా ఆ పిల్ల ఆదివారాలు మా ఇంటికి వచ్చి వాటర్ కలర్లు నేర్చుకునేది. హైదరాబాద్‌లో బొమ్మల కాలేజీలో చేరాలని ఆమె ఆశ. పరీక్షతో పాటు సొంతంగా వేసిన బొమ్మలు కొన్ని పంపాలి. "సీటస్తే పంపిస్త, లేకుంటే మంచిర్యాలల డిగ్రీ" అని తండ్రి ముందే తేల్చి చెప్పాడు. అంటే ఉన్నది ఒక్కటే అవకాశం. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఒక ఆదివారం బాయి గేటు బొమ్మ తెచ్చింది. పొద్దుటి మంచు. పల్చటి బూడిద రంగు కాగితమంతా పరుచుకుంది. దాని మీద ఇంకుతో సన్నగా గేటు కమ్మీలు, సైకిళ్లు, డ్యూటీ దిగి వస్తున్న మనుషులు. అందరూ నల్లగా ఉన్నారు. నడుమ ఒక్క మనిషి మాత్రం లేడు. అంటే, ఉన్నాడు. ఆయన ఉన్నచోట రంగు వేయలేదు, ఇంకు పెట్టలేదు. చుట్టూ మంచును ఆపేసి, మనిషి ఆకారంలో కాగితాన్ని అట్లాగే వదిలేసింది. నెత్తి మీద టోపీకి ఒక్క గీత, అంతే. ఆ మనిషి వెలుగుతున్నాడు.

మీకు బొమ్మల సంగతి తెలియకపోతే ఒక్క మాట చెప్పాలి. వాటర్ కలర్‌లో తెలుపు అంటే వదిలేసిన కాగితమే. ఒకసారి దాని మీద ఇంకు పడితే ఇక ఆ తెలుపు తిరిగి రాదు. పైన తెల్ల రంగు పూసినా గోడకు సున్నం కొట్టినట్టే ఉంటుంది.

బొమ్మను చేతిలోకి తీసుకున్నాను. మెచ్చుకోలుతో కాదు. ఆ కాలేజీకి నేను మూడుసార్లు రాశాను, మూడుసార్లూ సీటు రాలేదు. తర్వాత డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ పరీక్షలు పాసై టీచర్‌నయ్యాను. ముప్పై ఏళ్లు కుంచె పట్టినా, ఒక చోటును అట్లా వదిలేసే ధైర్యం నాకెప్పుడూ రాలేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకు వచ్చేసింది. నాది కుళ్లు. ఇంకో మంచి పేరు పెడదామని చాలాసార్లు చూశాను, దొరకలేదు.

పిల్లల బొమ్మలు దిద్దేటప్పుడు నాకో పద్ధతి ఉండేది. ముందు రెండు మంచి మాటలు, తర్వాత ఒక సలహా. నొచ్చుకోకూడదు కదా! ఆ రోజూ పద్ధతి తప్పలేదు. మంచు భలే కుదిరిందన్నాను. సైకిళ్లు చూస్తుంటే తొక్కాలనిపిస్తోందన్నాను. తర్వాత అడిగాను.

"గీ నడుమ మనిషెవలు బిడ్డా?"

"మా బాపు, టీచర్."

"మరి ఖాళీగ ఇడిచిపెట్టినవేంది? పూర్తి చెయ్యలే?"

"ఖాళీ కాదు టీచర్, అయిపోయింది. బాయిలకెల్లి అందరు నల్లగనే అస్తరు. గాని బాపు దూరంకెల్లి అస్తుంటే నాకు గట్లనే కనవడతడు."

"నీకు కనవడతడు బిడ్డా, చూసేటోళ్లకు కనవడాలె గదా. బొగ్గుబాయి మనిషి తెల్లగుంటడా? ఇంకుతోని నింపు. అప్పుడు మంచిగైతది."

ఆ పిల్ల బొమ్మను తన వైపు తిప్పుకుంది. "సరే టీచర్" అంది. నా గొంతు ఎంత మెత్తగా ఉందో ఇప్పటికీ చెవుల్లో వినిపిస్తుంది. కసురుకుని ఉంటే ఎదురు చెప్పేదేమో. ప్రేమగా చెప్పాను కాబట్టి నమ్మింది.

మర్నాడు సాయంత్రం మళ్లీ తెచ్చింది. నింపింది. ముందు కాగితం తడి చేసి ఇంకు పెట్టిందట, అది అంచులు దాటి మంచులోకి పాకింది. తండ్రి ఉన్నచోట ఒక నల్ల మచ్చ మిగిలింది.

"మంచిగ లేదు గదా టీచర్? ఇంకోటి ఎయ్యాల్నా? ఇంక పది రోజులున్నది."

చూశారా, దారి కూడా తనే చూపించింది. వెయ్యి, మొదట వేసినట్టే వెయ్యి అంటే సరిపోయేది. ఆ మాట అనడానికి నాకేం అడ్డొచ్చింది? ఎవరు నోరు నొక్కారు? "వద్దు, గిదే పంపు" అన్నాను.

సీటు రాలేదు.

ఆ ఒక్క బొమ్మ వల్లే పోయిందా? తెలియదు. ఈ తెలియకపోవడం వెనకే ఇన్నేళ్లు దాక్కున్నాను. పరీక్ష సరిగ్గా రాయలేదేమో, సీట్లు తక్కువేమో, పెద్ద ఊళ్ల పిల్లలతో పోటీ పడలేకపోయిందేమో అని నా తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను. సీటు వచ్చి ఉంటే మాత్రం నేను చేసింది మంచి పనయ్యేదా? కాదు కదా.

మౌనిక డిగ్రీ చేసింది. ఇప్పుడు కరీంనగర్‌లో ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపులో కంప్యూటర్ మీద పని. పుట్టినరోజులవి, లీడర్లవి. సెలవు రోజున ఇంకా బొమ్మలు వేస్తుంది, ఫొటో తీసి నాకు పంపుతుంది. "ఏం తక్కువైందో చెప్పుండ్రి టీచర్. అందరు మంచిగుందంటరు, మీరొక్కలే నిజం చెప్తరు" అని కింద రాస్తుంది. అది చదివినప్పుడల్లా ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఎన్నిసార్లు టైపు చేసి చెరిపేశానో లెక్కలేదు. చెప్తే ఏమవుతుంది? ఆ పద్దెనిమిదో ఏడు తిరిగొస్తుందా? నమ్ముకున్న ఒక్క మనిషిని కూడా ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుంది. లేక ఇది కూడా నా సాకేనా? ఏమో, నాకేం పాలుపోవడం లేదు.

పోయిన ఆదివారం ఇంకో బొమ్మ వచ్చింది. తండ్రి రిటైరై నాలుగేళ్లయింది. ఇంటి ముందు కుర్చీలో కూర్చుని చాయ తాగుతున్నాడు. నేనెప్పుడు చూసినా ఆయన ఒంటి మీద తెల్ల బనీనే ఉంటుంది. బొమ్మలో బనీను, ముఖం, చేతులు అన్నీ ఇంకుతో నింపేసి ఉన్నాయి. కాగితంలో ఎక్కడా చుక్క తెలుపు లేదు. కింద ఇట్లా రాసింది: "నన్నెందుకు గింత నల్లగ చేసినవ్ బిడ్డా అని బాపు నవ్వుతుండు. బొగ్గుబాయి మనిషి తెల్లగుంటడా బాపూ అన్న."

నా మాటే. పొల్లు పోకుండా నా మాటే. సీటు పోయిందనే ఇన్నాళ్లు ఏడ్చాను. తండ్రిని ఆ పిల్ల చూసే చూపును కూడా చెడగొట్టానని ఆ రోజే తెలిసింది. అయినా "బాగుంది" అని పంపాను. వెంటనే దండం పెట్టే ఎమోజీ పంపింది.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరిచ్చేది కాదు. రేపు ఆమెకు చెప్తానని రాయాలని ఉంది, కానీ అది ఇంకో అబద్ధమవుతుందేమోనని భయం. ఇప్పుడు ఇది రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది. అందుకే ఆమె చూడని ఈ చోట, అప్పుడు అనాల్సిన మాట రాసేస్తున్నాను. మౌనికా, నీ బొమ్మలో ఏమీ తక్కువ కాలేదు బిడ్డా. చూసిన నిమిషంలోనే నాకు తెలుసు.