కోరుట్లల చదివిన స్పెయిన్ కత

మొన్న అల్మారి దులుపుతుంటే లావుపాటి పుస్తకమొకటి కాలి మీద పడ్డది. బొటనవేలు పట్టుకొని కూలబడి చూస్తె, మా స్పెయిన్ నవల! ఆఖరి పేజీ కాడ తునికాకు ముక్క, బీడీ చుట్టెటందుకు కత్తిరించింది, ఎండి పెళుసయింది గని ఇరగలేదు. "జగిత్యాలల సోషల్ చెప్పి రిటైరైనవు, నీకు స్పానిష్ ఎట్ల వచ్చింది వదినా?" అని మా మరదలు ఇప్పటికీ ఎక్కిరిస్తది. వచ్చిందని ఎవరన్నరు? నాకు వచ్చింది ఒక్క నవల మందమే. అది దాటితె స్పెయినోళ్ళు మంచినీళ్ళు అడిగినా నాకు తెల్వది.

మా చిన్నబాపు, అంటే మా బాపు తమ్ముడు, సిరిసిల్లల మరమగ్గాలు నడిపినోడు. పని సాగక దుబాయి పోయిండు. అక్కడ కంపెనీ ఇడిసిపెట్టి బయట పనికి పోయి ఖల్లివెల్లి అయిండు. అంటే చేతిల కాయిదాలు లేనోడన్నట్టు. పట్టుబడితె జైలే, ఇంటికి వద్దామన్నా తొవ్వ లేదు. చిన్నమ్మ కోరుట్లల తల్లిగారింటి పక్కన కిరాయికుండి, బీడీలు చేసుకుంట పిల్లలను సాదింది. ఏండ్లకు ఏండ్లు గడిచినంక ఆడి సర్కారు ఆమ్నెస్టీ పెట్టి, జైలు, జుర్మానా లేకుండ పంపిస్తమంటే అప్పుడొచ్చిండు మనిషి. పోయేటప్పుడు నల్లటి మీసం, వచ్చేటప్పుడు తెల్లటి గడ్డం. చిన్నమ్మ తలుపు తీసింది, మంచం ఏసింది, అన్నం పెట్టింది. మాట మాత్రం పెట్టలేదు. "మీ చిన్నబాపుకు చెప్పు, చాయ్ చల్లారుతుందని" అనేది నాతోని. ఆయన నా పక్కనే కూసోని ఉండె! ఎవరూ లేనినాడు పొయ్యితోని చెప్పేదట. అలిగిన ఆడోళ్ళను నేను చూడలేదా? చూసిన. గని ఉప్పుకారం సరిగ్గ ఏసి, ఆయనకిష్టమైన పచ్చిపులుసు చేసిపెట్టుకుంట అలిగినామెను మాత్రం ఈమెనే చూసిన.

ఆయన తెచ్చిన పెట్టెల రెండు రగ్గులు, ఒక టార్చిలైటు, ఈ పుస్తకం. ఆడ హోటల్ల ఈయన గిన్నెలు తోమెటోడు, వంటమాస్టరు స్పెయిన్ మనిషి. ఆ మాస్టరు తాత సుత మగ్గం పనోడేనట. "గిది మీ పనోళ్ళ కతనే, ఎవరితోనన్న చదివించుకో" అని ఈయన ఇంటికొచ్చేటప్పుడు చేతిల పెట్టిండట. చిన్నబాపు తెచ్చి నా ఒళ్ళె పెట్టిండు. "చదువు బిడ్డా." ఇది ఇంగ్లీషు కాదు, నాకు రాదు అన్న. "అవి ఏబీసీడీలే గదనే! టీచర్‌వి, నీకు ఏబీసీడీలు రావా?" అన్నడు. గోడ దిక్కు తిరిగి బీడీలు చుడుతున్న చిన్నమ్మ భుజాలు నవ్వుతోని కదిలినయి. నాకు రోషమొచ్చింది.

ఇగ చూడు నా తిప్పలు! హైదరాబాదు నుంచి డిక్షనరీ తెప్పించిన, ఫోన్ల పలుకుడు నేర్చుకున్న. వారానికోసారి బస్సెక్కి కోరుట్ల పోవుడు, పేజీ చదువుడు, తెలుగుల చెప్పుడు. ఒక్కోనాడు ఒక్క వాక్యం సుత తెగకపోయేది. కతల నూలుమిల్లుల ఊరు, ఒక నేతగాడు, ఆయన పెండ్లాం. పొద్దుగాల్నే నేతగాడు 'లాన్సదేరా' చేతవట్టిండని ఉన్నది. 'లాన్సా' అంటే బల్లెమని అప్పటికే నేర్చుకున్న గద, బల్లెం పట్టిండని చెప్పిన. "మగ్గం ముంగట కూసున్నోనికి బల్లెమెందుకే? నాడె గావచ్చు" అన్నడు చిన్నబాపు. నిజంగనే నాడెనే, పోగును అటూ ఇటూ తీస్కపోయేది. ఇగ ఆయనకు హుషారొచ్చింది. బియ్యాన్ని 'అర్రోస్', పత్తిని 'అల్గొదోన్' అంటరని చెప్తె, "అరె, అరబ్బోళ్ళు రుజ్, గుతున్ అంటరు! స్పెయిన్ దుబాయి పక్కపొంటే ఉంటది, చూస్కో" అన్నడు. అట్లాసు చూపెట్టినా నమ్మలె. అరబ్బులు స్పెయిన్‌ను వందల ఏండ్లు ఏలిన సంగతంత చెప్తెగని ఒప్పుకోలే. క్లాసుల పిల్లలు సుత నన్ను గంత సతాయించలేదు.

కత నడిచేకొద్ది ఒకే ఊరోళ్ళు రెండు దిక్కులై కాల్చుకునే యుద్ధమొచ్చింది. ఓడిన దిక్కున్న నేతగాడు చలికాలంల కొండలెక్కి ఫ్రాన్సుకు పారిపోయిండు. గెలిచిన జనరల్ దేశాన్ని గుప్పిట్ల పెట్టుకున్నడు, తిరిగొస్తె జైలే. "వాడు సుత ఖల్లివెల్లియేనాయె" అన్నడు చిన్నబాపు మెల్లగ. ఆ పూట నుంచి నేతగాని పెండ్లాం మాట రాంగనే చిన్నమ్మ కత్తెర ఆగేది. ఒకసారి బాంబుల పేజీ చెప్పబుద్ధిగాక దాటేసిన. "రెండు పేజీలు ఒక్కపారే తిప్పినవు. మోసం చెయ్యకు" అన్నది, ఎనుకకు తిరగకుంటనే. ఆఖరుకు 'అమ్నిస్తీయా' అనే మాటొచ్చింది. డిక్షనరీ తెరిచేలోపే ఇద్దరూ ఒక్కసారే "ఆమ్నెస్టీ" అన్నరు. తర్వాత ఒకరి మొఖం ఒకరు చూసుకోలేదు. కతల నేతగాడు ఇంటికి బయలెల్లిండు.

ఆపుకోలేక ఆఖరి భాగం జగిత్యాలలనే ముందుగాల చదివిన. ముసలోడై వచ్చిన నేతగాడు తలుపు కొడతడు. ఆమె అడుగుల సప్పుడు తలుపు దాకా వస్తది, ఆగుతది. తలుపు తియ్యది. గంతే, కత అయిపోతది. ఓరి దేవుడా, నాకెందుకీ పీకులాట! బస్సుల పొడుగూత ఒకటే ఆలోచన. తీసిందని చెప్తె ఎవరికి తెలుస్తది? ఇద్దరికీ స్పానిష్ రాదు. ఉన్నదున్నట్టు చెప్తె, ఆ ఇంట్ల మిగిలిన కాస్త చాయ్, అన్నం సుత బందయితయేమోనని భయం. చిన్నమ్మ మనసుల ఉన్నదే పుస్తకంల ఉన్నట్టయితదని ఇంకో భయం. బస్సు దిగినంక సుత తేల్చుకోలేకపోయిన. గని పుస్తకం తెరవంగనే చిన్నమ్మ మొదటిసారి గోడను ఇడిసిపెట్టి, నా దిక్కు తిరిగి, నా చేతులనే చూసుకుంట కూసున్నది. ఆ చూపు ముంగట అబద్ధం ఎట్ల చెప్తం? ఉన్నదున్నట్టు చెప్పిన.

చిన్నబాపు తల వంచుకొని తువ్వాల మొఖానికి అడ్డం పెట్టుకున్నడు. "మంచిపని చేసింది" అన్నది చిన్నమ్మ. అయిపోయింది, ఇల్లు కూలగొట్టిన అనుకున్న. అప్పుడామె నా చేతుల మీంచి చూపు తీసి, సీదా ఆయన దిక్కు తిరిగింది.

"ఇగో, నీతోనే అంటున్న. ఆమె తియ్యలే. నేను తీసిన. యాదున్నదా?"

ఆయన తువ్వాల దించిండు. "తీసినవు" అన్నడు.

"మరి చాయ్ చల్లారుతుంది. తాగు."

నాకు ఏడుపాగలే. కండ్లు తుడుచుకునేలోపు చిన్నమ్మనే పేజీల తునికాకు ముక్క పెట్టి పుస్తకం మూసింది. ఇప్పుడు ఇద్దరూ పొద్దంత నేరుగనే కొట్లాడుకుంటరు, నడుమ నాతోని పనే లేదు. నిన్న ఫోన్ చేస్తె ఇద్దరూ ఒక్కసారే మాట్లాడి ఒక్క ముక్క సుత అర్థం కానియ్యలె. ఆకును కదిలియ్యకుంట పుస్తకం మళ్ళ అల్మారిల పెట్టిన. చిన్నమ్మ తలుపు తీసిన రోజుకు, తీసిన అని చెప్పిన రోజుకు నడుమ ఎంత కాలం పోయిందో. పోతెపోయింది, చెప్పేదాక ఇద్దరినీ ఒకే ఇంట్ల ఉంచింది, కాలాన్ని నేనింకేమడుగుత?