నేనే అంటించిన ఎనిమిది స్టిక్కర్లు

గనిలో నేను షాట్‌ఫైరర్‌ని. బొగ్గులో వేసిన రంధ్రాల్లో పేలుడు మందు కూర్చి, డిటొనేటర్ తీగలు కలిపి, అందరినీ దూరం పంపాక పేల్చడం నా పని. రెండేళ్ల కింద చలికాలంలో ఒక మొదటి షిఫ్టున రెండు తీగల కొసలు మెలిపెట్టబోతే వేళ్లు వంగలేదు. చలి అని సరిపెట్టుకోవడానికి లేదు. పైన ఎంత చలి ఉన్నా గని లోపల ఉక్కగానే ఉంటుంది.

పక్కనున్న మల్లేశ్ చూశాడు. "ఏందన్నా, తీగలు కలుపుమంటే జడ అల్లుతున్నవా?" అన్నాడు. నవ్వాను గానీ ఆ రోజు తీగలు అతనే పట్టుకోవాల్సి వచ్చింది.

నేను చదివింది ఏడో తరగతి. షాట్‌ఫైరర్ పరీక్షకు లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. ఏదైనా రాసి పెట్టుకోవడం అప్పటి నుంచి అలవాటు. పొద్దున లేచాక పిడికిలి పూర్తిగా ముడవడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో నోట్‌బుక్‌లో రాశాను. మొదటి వారం ఇరవై. నాలుగో వారానికి డెబ్బై. చొక్కా గుండీలు నా భార్య సరోజన పెట్టేది.

మా ఏరియా దవాఖానలో ఆర్‌ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ అనే రక్తపరీక్షలు చేశారు. రెండూ పాజిటివ్. కరీంనగర్‌లో కీళ్ల స్పెషలిస్టు దగ్గరికి రాసి పంపారు.

"రుమటాయిడ్ ఆర్థరైటిస్. మీ శరీరమే మీ కీళ్ల మీద దాడి చేస్తోంది" అన్నారు ఆ డాక్టర్.

"సార్, చేతులు పోతే నా డ్యూటీ పోయినట్టే. జల్ది తగ్గాలె" అన్నాను.

"అయితే నేరుగా బయోలాజిక్ ఇంజెక్షన్‌కే వెళ్దాం. టాబ్లెట్లతో టైం వేస్ట్."

చెస్ట్ ఎక్స్‌రే, టీబీ టెస్ట్ చేసి, ఆ దాడిని అణిచే ఖరీదైన ఇంజెక్షన్ పదిహేను రోజులకొకటి చొప్పున మొదలుపెట్టారు.

అక్కడ నాకు బాగా నచ్చింది ఒకటుంది. ఇంజెక్షన్ ఇచ్చాక కాంపౌండర్ సత్తెన్న డబ్బా మీది స్టిక్కర్ ఊడదీసి, గళ్లు గీసిన ఒక కాగితం మీద అంటించేవాడు. మా గనిలో ప్రతి డిటొనేటర్‌కూ లెక్క ఉంటుంది. ఎన్ని తీసుకున్నాం, ఎన్ని పేల్చాం, ఎన్ని తిరిగి ఇచ్చాం అని రాసి సంతకం పెట్టందే షిఫ్టు అయిపోదు. ఇదీ అలాంటి జాగ్రత్తే అనుకున్నాను. సత్తెన్న హడావుడిలో వంకరగా అంటిస్తుంటే చూడలేక మూడోసారి నుంచి ఆ పని నేనే చేశాను. ముందటి రెండూ కూడా ఊడదీసి సరిగ్గా అంటించాను.

"అన్నా, నువ్వు అంటిస్తే కాయితం పెండ్లి కార్డు లెక్క ఉంటది" అనేవాడు.

వేళ్లు కొంచెం వదులయ్యాయి. డెబ్బై నిమిషాలు నలభైకి దిగాయి. ఎనిమిదో ఇంజెక్షన్ తర్వాత ఆరు రోజులకు జ్వరం, దగ్గు, ఆయాసం వచ్చాయి. న్యుమోనియా. మా ఏరియా దవాఖానలో తొమ్మిది రోజులు ఉన్నాను. రెండు రోజులు ఆక్సిజన్ పెట్టారు. ఇంజెక్షన్ ఆపేశారు.

నా ఫైలు తిరగేస్తూ అక్కడి డాక్టర్ మేడం అడిగారు. "మెథోట్రెక్సేట్ ఎన్ని నెలలు వాడాక ఇంజెక్షన్‌కు వెళ్లారు?"

"ఆ పేరే వినలే మేడం."

ఆమె ఫైలు మొదటి పేజీకి మళ్లీ వెళ్లారు. "మామూలుగా ఆ టాబ్లెట్లతోనే మొదలుపెడతాం. వాటితో తగ్గకపోతే ఇంజెక్షన్. న్యుమోనియా ఇంజెక్షన్ వల్లే వచ్చిందని నేను చెప్పలేను. ఇన్ఫెక్షన్ రిస్క్ పెరుగుతుందని మాత్రం చెప్పగలను."

ఒంట్లో కొంచెం శక్తి వచ్చాక పాత రిపోర్టుల కోసం కరీంనగర్ వెళ్లాను. సత్తెన్న కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"మంచిగున్నవా అన్నా? నువ్వు ఆగిపోతే మా కాయితం ఆగిపోయింది. ఇంక నాలుగైతే నిండుతుండె."

"నిండితే ఏమైతది?"

"మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ పట్టుకపోతడు. పోయినేడు కాయితాలు నిండినయని సారును, సారు భార్యను విమానంల బయటి దేశం తోల్కపోయిండ్రు. మీటింగని పేరు. నాకు గూడ ఒక ఫ్యాన్ ఇచ్చిండ్రు."

దాచాల్సిన మాట అని అతనికి తట్టనేలేదు. పైన తిరుగుతున్న ఫ్యాన్ కేసి చూపించాడు కూడా.

లోపలికెళ్లి డాక్టర్‌ని అడిగాను. "సార్, టాబ్లెట్లు ముందు ఎందుకియ్యలే?"

"త్వరగా తగ్గాలన్నది మీరే కదా?"

అన్నది నేనే. "మరి ఆ స్టిక్కర్ల కాయితం?" అన్నాను.

"అది మందుల కంపెనీ వాళ్ల లెక్క. వైద్యానికి సంబంధం లేదు" అని బెల్లు నొక్కారు. తర్వాతి పేషెంట్ వచ్చాడు.

పరీక్షకు చదివిన ఒక రూలు బస్సులో గుర్తొచ్చింది. పేల్చగా రాలిన బొగ్గును బట్టి జీతం వచ్చే మనిషిని షాట్‌ఫైరర్‌గా పెట్టకూడదు. ఎక్కడ పేల్చాలి, ఎక్కడ ఆగాలి అని చెప్పేవాడికి పేలుడులో లాభం ఉండకూడదని ఆ రూలు. బొగ్గుకే ఇంత కట్టడి ఉంది గనక మనుషులకు ఇంకా గట్టిది ఉంటుందని ఇన్నేళ్లూ అడక్కుండానే నమ్మాను.

ఇంట్లో సరోజనకు చెప్పాను. "నా చేత గుండీలు పెట్టిచ్చుకున్న మనిషివి, వాళ్ల కాయితం మాత్రం నీ చేత్తోనే నింపినవ్" అంది.

ఆ ఇంజెక్షన్ చెడ్డదని నేను అనడం లేదు. టాబ్లెట్లతో తగ్గనివాళ్లకు అది అవసరమేనని మేడమే చెప్పారు. నాకు అవసరమయ్యేదో కాదో చూడకుండానే ఇచ్చారు. అదే మింగుడుపడలేదు.

ఛాతీ పూర్తిగా బాగయ్యాక మెథోట్రెక్సేట్ మొదలుపెట్టారు. "వారానికి ఒక్కరోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది" అని మేడం మూడుసార్లు చెప్పి, నాతో చెప్పించుకున్నారు. నేను వేసుకునేది ఆదివారం. ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు. మూడు నెలల దాకా పెద్ద మార్పు లేదు, భయపడ్డాను. అయిదో నెలకు పిడికిలి పది నిమిషాల్లో ముడుచుకుంది. ఫిట్ సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు తీగలు నేనే కలుపుతున్నాను. గుండీలూ నేనే పెట్టుకుంటున్నాను.

తోటి పేషెంట్లకు చెప్పేది ఒక్కటే. ఖరీదైన మందు మొదలుపెట్టే రోజే, మొదటి డోసుకు ముందే అడగండి: "దీనికంటే ముందు వాడే మందు ఏది? నాకు అది ఎందుకు వద్దు?" జవాబు డాక్టర్ ముందే రాసుకోండి. మేడం ఇచ్చిన జవాబు నా నోట్‌బుక్‌లో మూడు లైన్లు ఉంది. కరీంనగర్ పేజీలో పిడికిలి నిమిషాలున్నాయి, ఎనిమిది ఇంజెక్షన్ల తేదీలున్నాయి. ఆ ప్రశ్న లేదు.