ఫ్రీవీలులో కొబ్బరినూనె

నా చిన్నప్పుడు మా నాయన సైకిలు ఎండుకొబ్బరి పోసే కొప్పర కొట్టులో దూలానికి వేలాడుతూ ఉండేది. నాయన ఉన్నన్నాళ్ళు దాని మీదే టెంకాయల మూటలు కట్టుకుని పొల్లాచ్చి సంతకు పోయేవాడు. మోసిన బరువుకు హ్యాండిలు కింద ఫ్రేము విరిగింది, అతికించారు, మళ్ళీ అక్కడే విరిగింది. నాయన పోయాక అమ్మ నన్నూ ఆ విరిగిన సైకిలునూ వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పుట్టిల్లంటే అమ్మ తమ్ముడి ఇల్లు. మా మామకు అప్పటికి పెళ్ళి కాలేదు.

మా మనుషుల్లో తల్లి తోబుట్టువుకు ఉన్న మర్యాద వేరు. చెవులు కుట్టేటప్పుడు బిడ్డను కూర్చోబెట్టేది మామ ఒడిలోనే. మొదటి కమ్మలు తేవలసింది ఆయనే. పిల్ల పెద్దమనిషైతే పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టవలసింది ఆయనే. మామ ఇస్తానన్న వస్తువును ఇంకొకరు అడగకూడదు, మామ వెనక్కి తీసుకోకూడదు. ఇదంతా నాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. పాలతో పాటు పోసినట్టు వచ్చింది. అందుకే మామ ఒక మాట అంటే, అది ఇంట్లోకి వచ్చేసిన వస్తువుతో సమానమని నమ్మేదాన్ని.

మా ఊళ్ళో బడి అయిదో తరగతితో ముగిసేది. ఆ పైన చదవాలంటే టౌనుకు పోవాలి. నడిచి పోయి నడిచి వచ్చేంత దగ్గర కాదు, బస్సేమో బడి గంట కొట్టాక గానీ రాదు. చదువు మీద నాకు పిచ్చి ఆశ ఉండేది. ఆ ఎండాకాలం సెలవుల్లో మామ కొట్టులోకి వెళ్ళి, సైకిలు దించి, తిప్పి తిప్పి చూశాడు. నన్ను పిలిచాడు.

"అమ్మణీ, దీనికి ఎముక ఒకటే విరిగుండాది. మిగతాదంతా గట్టి సరుకు. కోయంబత్తూరు నుంచి బారు లేని కొత్త ఫ్రేము తెస్తా. నువ్వు ఇవన్నీ కడిగి పెట్టు. టౌను బడికి దీని మీదనే పోదువు."

ఎంత స్పష్టంగా చెప్పాడో చూడండి. బారు లేని ఫ్రేము అన్నాడు. పావడా కట్టే ఆడపిల్ల తొక్కాలంటే సీటుకూ హ్యాండిలుకూ మధ్య అడ్డకమ్మి ఉండకూడదు. దానికోసం వేరే ఫ్రేము దొరుకుతుంది. ఆ మాట ఆయనే అన్నాడు, నేను అడగలేదు.

మామ ఒక్కొక్కటి ఊడదీసి ఇచ్చాడు. పెడళ్ళు, చైను, పళ్ళ చక్రం, హ్యాండిలు, మడ్‌గార్డులు, సీటు, బెల్లు. ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో ఆయనే నేర్పించాడు. చేత్తో పట్టుకుని ఆడిస్తే లటలట ఆడేది పనికిరాదు, బిగువుగా తిరిగేది ఇంకా బతుకుతుంది అన్నాడు. దీపానికి పోసే కిరసనాయిల్లోంచి అమ్మ ఇంత గిన్నెలో పోసిచ్చింది. చైనును దాంట్లో నానబెట్టి, ఒక్కొక్క కణుపూ పాత గుడ్డతో తుడిచాను. ఇటుక పొడి అద్దిన కొబ్బరి పీచుతో రిమ్ముల తుప్పు రుద్దాను. చక్రాల లోపలి ఇనుప గుళ్ళను ఒక్కటీ జారిపోకుండా కొబ్బరి చిప్పలో పోసి, ఎండలో ఆరబెట్టి, కోడి పొడవకుండా పక్కనే కాపలా కూర్చున్నాను. గోళ్ళలో నలుపు అన్నం తినేటప్పుడు కూడా పోయేది కాదు.

చివర నూనె పెట్టాలి. అంగట్లో మిషను నూనె అమ్ముతారని నాకు తెలియదు. మా ఇళ్ళల్లో తలకైనా, కాలిన పుండుకైనా, కిర్రుమనే తలుపుకైనా, ఎద్దు గిట్టకైనా ఒకటే నూనె. పూజ దీపానికని అమ్మ దాచిన తేట కొబ్బరినూనె అడిగి తీసుకున్నాను. వెనక చక్రానికి ఉండే ఫ్రీవీలులో, టిక్కుటిక్కుమని చప్పుడు చేసేది చూడండి, దాని సందులో చుక్క చుక్కగా పోసి, తిప్పి, మళ్ళీ పోశాను. చప్పుడు మెత్తబడేదాకా పోశాను.

గోడ మీంచి చూసిన పక్కింటి అక్క, "ఏమే, సైకిలుకు తలంటుతుండావా? జడ కూడా వేస్తావా ఏమి?" అని నవ్వింది.

"నా సైకిలు, నా ఇష్టం," అన్నాను. ఆ 'నా' అన్న మాట నోట్లో బెల్లంలా ఉండింది.

ఫ్రేము వచ్చిన రోజు మామ బస్సు పైనుంచి దాన్ని దించి భుజానికి తగిలించుకుని వచ్చాడు. గోనె సంచి చుట్టి ఉంది. నేను ఎదురు పరిగెత్తాను. సంచి విప్పాడు. నల్లటి రంగు తళతళలాడుతోంది. బారు ఉంది.

"మామా, దీనికి బారుండాదే?"

"ఆమా, ఉండాది," అన్నాడు మామ, నా వైపు చూడకుండా పురికొస చుడుతూ. "నూలు మిల్లులో పని దొరికింది పాపా. తెల్లారగట్ట షిఫ్టుకు బస్సు లేదు."

"అయితే నాకు?"

"నీకు తర్వాత చూస్తాంలే."

నేను వంటింట్లోకి పరిగెత్తాను. అమ్మ రోట్లో పిండి రుబ్బుతోంది. మామ మోసం చేశాడని చెప్పాను. అమ్మ చెయ్యి ఆగలేదు. అప్పుడు అర్థమైంది, అమ్మకు ముందే తెలుసు. ఇద్దరూ కలిసి అనుకునే నాకు ఆ మాట చెప్పారు.

"తెలిసీ నాతో కడిగించినావా?" అని అడిగాను.

అమ్మ తల ఎత్తకుండానే అంది. "ముందే చెప్పుంటే అంత బాగా కడిగుందువా నువ్వు?"

మామ మిల్లుకు పోకపోతే మా ఇద్దరికీ ఆ ఇంట్లో కూడు ఎట్లా వస్తుందని ఆ తర్వాత ఏదో చెప్పింది. అది నిజమే అయి ఉండవచ్చు. ఆ నిజం చెప్పి ఉంటే నేను ఏడ్చి ఉంటాను, ఏడుస్తూ కూడా కడిగి ఉంటాను. నాయన వస్తువులు నేను మురికిగా వదిలేదాన్నా? అంత చిన్న నమ్మకం మా అమ్మకు నా మీద లేకపోయింది. మామ మాట తప్పినదానికన్నా అదే నన్ను ఎక్కువ కోసింది.

ఆ సాయంత్రం మామ సైకిలు బిగించాడు. నేను కడిగిన ఒక్కొక్క ముక్కా కొత్త ఫ్రేము మీదికి పోతుంటే గుమ్మంలో కూర్చుని చూశాను. సీటు కింది గొట్టం కొత్త ఫ్రేములో వదులుగా ఉంటే, పాత డబ్బా రేకు ముక్క కత్తిరించి చుట్టి బిగించాడు. నాయన బెల్లు ఒకసారి కొట్టి చూసుకున్నాడు. నాకోసమని అనుకున్న చప్పుడు అది. బళ్ళు తెరిచినప్పుడు టౌనుకు పోయే పిల్లలు మా ఇంటి ముందునుంచే పోయారు. నేను పేడ ఎత్తుతున్నాను.

మార్గళి నెల వచ్చింది, ధనుర్మాసపు చలి. మా వైపు ఆ నెల తెల్లవారుజామున సీసాలో కొబ్బరినూనె నెయ్యిలా గడ్డకడుతుంది. ఒకరోజు షిఫ్టుకు పోయిన మామ, పొద్దెక్కాక సైకిలు తోసుకుంటూ తిరిగి వచ్చాడు. పెడలు తొక్కితే ఊరికే గిర్రున తిరుగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. పెరట్లో కూర్చుని సుత్తీ మేకూ పెట్టి కొట్టి ఫ్రీవీలు విప్పాడు. గుప్పుమని కనరు వాసన. లోపలంతా పచ్చగా పేరుకున్న కొబ్బరినూనె, దాంట్లో దుమ్ము.

"ఎవరు పోసింది ఇది?" అని అరిచాడు. "నువ్వే కదా? సైకిలు దక్కలేదని కక్ష కట్టినావు కదా? ఈ రోజు షిఫ్టు పోయింది నాకు. పని కూడా పోతే అందరం కలిసి నూనె తాగుదామా?"

అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆమె ముఖంలోనూ అదే అనుమానం. ఇద్దరూ నన్ను దొంగను చూసినట్టు చూశారు. నాకు ఏడుపు రాలేదు.

"నాదనుకొని పోసినా మామా," అన్నాను. "నాదే కదా అని దీపం నూనె పోసినా."

మామ సుత్తి కింద పెట్టాడు. అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. మామ, "ఇట్రా కన్ను," అని ముద్దుపేరుతో పిలిచాడు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. ఫ్రీవీలు లోపల రెండు చిన్న ఇనుప నాలుకలు ఉన్నాయి. అవి లేచి పళ్ళకు తగిలితేనే తొక్కిన బలం చక్రానికి పోతుంది. నూనె గడ్డకట్టి వాటిని పడుకోబెట్టేసింది. వాటిని వేలితో లేపి చూపించాడు. కొబ్బరినూనె ఇక్కడ పోయకూడదు, ఇది చల్లబడితే బిగుస్తుంది, నాళ్ళు గడిస్తే జిగురవుతుంది, దీనికి మిషను నూనె అని చెప్పాడు. నాతోనే కిరసనాయిల్లో కడిగించాడు. కడిగాను. తాను తప్పు చేశానని మాత్రం ఆయన నోటితో అనలేదు. నన్ను మళ్ళీ బడికి పంపుతానని కూడా అనలేదు. పై ఏడాది బళ్ళు తెరిచినప్పుడు నేను అడగలేదు. నేను పెద్దమనిషినైనప్పుడు మట్టలు తెచ్చి, మామే అందంగా గుడిసె కట్టాడు. ఆ మట్టల నీడలో కూర్చుని, ఇది కూడా ఎవరికోసమో అనుకున్నాను.

మామ నేర్పిన పని మటుకు వృథా పోలేదు. అత్తింట్లో సైకిలు గానీ, నీళ్ళ మోటారు గానీ మొరాయిస్తే ఒకసారి విప్పి చూడకుండా నేను ఎవరికీ కబురు పెట్టనివ్వలేదు. మొన్న కోయంబత్తూరులో ఉద్యోగం చేసే పెద్ద మనవరాలు వచ్చింది. సన్నటి టైర్లు, వంకర హ్యాండిలు ఉండే పందెం సైకిలు దానిది. ఫ్రేము చీలిందని కొత్తది కొని, పాత గేర్లూ, హ్యాండిలూ, సీటూ అన్నీ దానికి ఎక్కిస్తోంది. వసారాలో పేపర్లు పరిచి ముక్కలన్నీ పెట్టుకుంది. బ్రేకులు మాత్రం కొత్త ఫ్రేముకు సరిపోవట. బాగున్నదాన్ని పారెయ్యకపోవడం నాకు నచ్చింది.

"అవ్వా, ఈ చైను కాస్త తుడిచిస్తావా?" అంది.

"ఎవరికి ఇది?" అన్నాను.

"నాకే అవ్వా. ఏమి, నువ్వు పందేనికి పోతావా?" అని నవ్వింది. నవ్వనీ. తెలుసుకున్నాకే గుడ్డ చేతికి తీసుకున్నాను.

ఏ పనైనా సరే, ఎవరికోసమో తెలియకుండా నేను చెయ్యి పెట్టను. నేను పని చెప్పేటప్పుడు కూడా అంతే. పోయిన వారం ఇంకో మనవరాలిని, బడికి పోయే చిన్నదాన్ని, మురుకుల పిండి జల్లించమన్నాను. ఇవి నిశ్చయతాంబూలాలకు పంపేవి, నీకు ఒక్కటి కూడా రాదు అని ముందే చెప్పాను. ఆ పిల్ల మొహం ముడుచుకుంది.

"ఏమత్తా, ఒకటిస్తానంటే ఉత్సాహంగా చేస్తుంది కదా," అంది కోడలు.

"ఇవ్వనిదాన్ని ఇస్తానని ఏమిటికి చెప్పేది?" అన్నాను.

కోడలికి నేను కఠినురాలిని. అనుకోనీ. చిన్నది సణుగుతూనే కూర్చుని జల్లెడ పట్టింది. తర్వాత నేను పిండిలో చెయ్యి పెట్టి చూశాను. ఒక్క నలుసు లేదు.