గుడివాడ చర్చి తివాచీకి నలుగు పెట్టిన రోజు

డిగ్రీ చేతికొచ్చి ఉద్యోగం మాత్రం ఇంకా రాని ఆ రోజుల్లో నాకు ఎక్కడలేని ధైర్యం ఉండేది. లేకపోతే, బందరులో తివాచీలు శుభ్రం చేసే షాపు పెడతానన్న మావయ్యతో "నేనూ వస్తాను పద" అని ఎవరైనా అంటారా! మా ఊళ్లో తివాచీ ఉన్న ఇల్లు వెతుక్కోవాలి. (ఉన్నవాళ్లు కూడా దాన్ని చుట్టి మంచం కింద పెట్టి, చుట్టాలొస్తేనే తీస్తారు. అది మాసేదెప్పుడు, మేం ఉతికేదెప్పుడు?) అయినా మావయ్య వేడినీళ్లు చిమ్మి, మురికితో సహా వెంటనే పీల్చేసుకునే పెద్ద మెషిన్ తెప్పించాడు. తడి ఆరబెట్టే బ్లోయర్ కూడా తీసుకోమంటే, "బందరు ఎండ పెట్టుకుని గాలి కొనుక్కోవడమేంటండీ?" అన్నాడట. పని లేకపోయినా ఆ మెషిన్‌ని నేను రోజూ తుడిచి, చూసుకుని మురిసిపోయేదాన్ని.

వానలు ముసురు పట్టిన రోజుల్లో, ఒక ఉదయం గుడివాడ చర్చి నుంచి ఫోన్ వచ్చింది. మర్నాడు అక్కడ పెళ్లి. పెళ్లికూతురి నాన్నగారు నాగాయలంకలో రొయ్యల చెరువులు చేస్తారు. మగపెళ్లివారికి తన చెరువు రొయ్యలే తినిపించాలని ముచ్చటపడి కూర వండించి తెచ్చారు. బయట వాన పడుతోందని గిన్నె పట్టుకుని చర్చి మధ్యలోంచి వెనక వంటశాలకి బయల్దేరారు. తడికాలు జారింది. కింద, సంఘం వాళ్లంతా కలిసి కొత్తగా కొనుక్కున్న ఉన్ని తివాచీ. మధ్యంతా ఎరుపు, అంచు మీగడ రంగు. కూర సరిగ్గా ఆ అంచు మీదే పడింది.

మేం వెళ్లేసరికి పెళ్లికొడుకు మేనత్త ఆ మచ్చకి కాపలా కాస్తున్నట్టు కుర్చీ వేసుకుని కూర్చుంది. "ఈ వాసనకి రేపు ప్రార్థన చేసుకోవాలా, అన్నం కలుపుకోవాలా?" అంది. పెళ్లికూతురి నాన్నగారు నన్ను పక్కకి పిలిచారు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. "అమ్మా, ఎట్టాగైనా పోగొట్టండమ్మా. ఇది ఉండిపోతే అత్తారింట్లో ఏ మాటొచ్చినా 'మీ నాన్న రొయ్యల కూర' అంటారు. నా కూతురు జన్మంతా పడుద్దమ్మా" అన్నారు.

అప్పటికే మావయ్య మెషిన్‌లో నీళ్లు మరగబెడుతున్నాడు. "ఆగు మావయ్యా" అన్నాను. మా నాన్నది పెడనలో కలంకారీ అద్దకం. రంగుబట్టని తడిపేముందు మూలన తడి తెల్లగుడ్డ అదిమి చూడటం మా ఇంట్లో అందరికీ అలవాటు. నా తెల్ల రుమాలు తడిపి ఎరుపు మీద అదిమాను. రుమాలు గులాబీ రంగుకి తిరిగింది. వేడినీళ్లు పడి ఉంటే ఆ ఎరుపంతా అంచులోకి దిగేది.

"అయితే ఏం చేద్దామే?" అన్నాడు మావయ్య, స్విచ్చి కట్టేసి.

"ముందు బియ్యప్పిండి తెప్పించు."

పొడిపిండి నూనెని పీల్చేస్తుంది కదా. మచ్చ నిండా పిండి పోసి మెల్లగా అదుముతూ, ఎత్తిపోస్తూ కూర్చున్నాను. మేనత్త వంగి చూసింది. "ఏమిటమ్మాయ్, పెళ్లికూతురి కంటే ముందు తివాచీకి నలుగు పెడుతున్నారా?" అంది. అందరూ నవ్వారు. నేను తలెత్తలేదు. తర్వాత నూడుల్స్ బండి దగ్గర్నుంచి వెనిగర్ తెచ్చి, రంగు దిగకుండా చన్నీళ్లలో కలిపి, కాస్త షాంపూతో తుడిచి, మెషిన్‌తో నీళ్లు పీల్పించాం. నూనె పోయింది, వాసన పోయింది. లేతగా మిగిలిన పసుపు మీగడ రంగులో కలిసిపోయింది.

తడి మాత్రం పోలేదు. బయట ముసురు, బ్లోయర్ లేదు. (బందరు ఎండని నమ్ముకున్న మావయ్య ఆకాశం వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశాడు.) చివరికి పెదపారుపూడిలో ఉన్న రైతు స్నేహితుడికి ఫోన్ చేసి, ధాన్యం తూర్పారబట్టే ఫ్యాన్ ఆటోలో తెప్పించాడు. మనిషంత ఫ్యాన్! మావయ్య గర్వంగా స్విచ్చి వేశాడు. కిందటి పంట తాలూ పొట్టూ అందులోనే ఉన్నాయని ఎవరికి తెలుసు? ఒక్కసారిగా తివాచీ మీదా, బెంచీల మీదా, మేనత్త జుట్టు మీదా, నా జడ మీదా కురిసింది.

ఆవిడ తల దులుపుకుంటూ, "నలుగయింది, తలంబ్రాలూ అయ్యాయి. ఇక అప్పగింతలే తరువాయి" అంది. ఈసారి ఆవిడే ముందు నవ్వింది. మావయ్య ఏమాత్రం తడుముకోకుండా "పొట్టు జల్లడం మా స్పెషల్ పద్ధతండీ, అడుగు తడి లాగేస్తుంది" అన్నాడు. సాయంత్రానికి తివాచీ ఆరింది. పొట్టంతా మెషిన్ పీల్చేసింది. నేను మోకాళ్ల మీద పాకుతూ అంచు పొడవునా చేత్తో నిమిరి చూసుకున్నాను.

రాత్రికి అక్కడే ఆగి, పెళ్లి చూసి వెళ్లమన్నారు. మర్నాడు వెనక గోడకి ఆనుకుని, షాపు పేరున్న టీషర్టులోనే నిలబడ్డాను. పెళ్లికూతురి నాన్నగారు ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ మధ్యలో నెమ్మదించారు. అంచు వైపు వంగి, ఇటు చూశారు, అటు చూశారు. మచ్చ ఎక్కడ పడిందో ఆయనకే దొరకలేదు. తలెత్తి నాకోసం వెతికి, ఎక్కడమ్మా అన్నట్టు కళ్లెగరేశారు. నాకూ తెలియదన్నట్టు తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖమంతా నవ్వు పరుచుకుంది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని ముందుకి నడిచారు.

ఇప్పుడు మాకు బ్లోయర్లున్నాయి, విజయవాడ హోటళ్ల పనులున్నాయి. హాళ్లకి హాళ్లు శుభ్రం చేసి బిల్లు ఇచ్చి వచ్చేస్తాం. ఎవరూ వంగి మచ్చ కోసం వెతకరు. ఆ పెళ్లిలో, పెళ్లి తనదే అన్నంత గొప్పగా, జడలో వరిపొట్టుతో నిలబడ్డ ఆ పిల్ల, అప్పటి నేను, గుర్తొస్తే నవ్వొస్తుంది. దాని మీద కొంచెం కుళ్లుగా కూడా ఉంటుంది.