ఫెర్రీ దిగేలోపు

పోయిన మంగళవారం చాథం జెట్టీలో బాంబూఫ్లాట్ ఫెర్రీ ఎక్కి, ఎప్పటిలాగే ఎడమవైపు రైలింగు పక్కన బల్ల మీద కూర్చున్నాను. మోకాళ్ళు సహకరించని ఈ వయసులో నాకు మిగిలిన విలాసం అదొక్కటే. నాకు ఎదురుగా ఒక అమ్మాయి అందరికీ వీపు పెట్టి, నీళ్ళకేసి తిరిగి నిలబడింది. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు ఉంటాయేమో. భుజాన గుడ్డసంచి, అందులోంచి బైబిలు అంచు, దాని పక్కనే పేజీ పైకి మడిచిన పాటల నోటుపుస్తకం కనిపిస్తున్నాయి. తెలుగు పాటలే, కానీ హిందీ అక్షరాల్లో రాసుకుంది. ఇక్కడి పిల్లలంతా అంతే, పాడమంటే పాడతారు గానీ తెలుగులో చదవమంటే తడుముకుంటారు. ఆ అమ్మాయి భుజాలు చిన్నగా అదురుతున్నాయి. "ఏమైందమ్మా?" అన్నాను. గబుక్కున కళ్ళు తుడుచుకుని, "కుఛ్ నహీ ఆంటీ, గాలికి కళ్ళు మండుతున్నాయ్" అంది. ఆ రోజు ఆకు కదిలితే ఒట్టు. నాకు నవ్వొచ్చింది. యాభై ఏళ్ళ కిందట ఇదే రైలింగు పట్టుకుని, ఇదే అబద్ధం నేను మా బైబిలు అమ్మగారికి చెప్పాను.

అప్పుడు నాకూ ఆ అమ్మాయి వయసే. మా ఊరి చర్చి సంఘం నన్ను రెండేళ్ళ సేవకని, మద్రాసు నుంచి మూడు నాలుగు రోజుల ఓడ ప్రయాణమున్న ఈ ద్వీపాలకి పంపింది. పంపేముందు మెడలో దండ వేసి, ఫోటో తీసి, ముసలివాళ్ళు నెత్తిమీద చేతులు పెట్టి ఏడ్చారు. ఆ హడావుడి చూసి నేను కూడా నన్నేదో మహా అరణ్యానికి పంపుతున్నారనుకున్నాను. తీరా దిగాక చూస్తే, సేవలో ముప్పావు వంతు ఫెర్రీ కోసం జెట్టీలో నిలబడడం, మిగతా పావు వంతు వానలో గొడుగు పట్టుకుని కొండలెక్కడం. మా బావగారు సర్కారు ఆఫీసులో గుమాస్తా కాబట్టి గోల్ ఘర్ పేటలో అక్కావాళ్ళింట్లోనే నా మకాం. పొద్దున్నే అక్క చేసిన ఉప్మా తిని, బస్సెక్కి చాథం వచ్చి, అక్కడ అమ్మగారితో కలిసి ఫెర్రీలో అవతలి ఒడ్డుకి వెళ్ళేదాన్ని. అవతల రంపపు మిల్లులోనూ, ఓడరేవులోనూ పనిచేసే మన తెలుగువాళ్ళు కొండవాలున ఇళ్ళు వేసుకుని ఉండేవారు. ఆ ఇళ్ళే మా సేవ.

అమ్మగారి గురించి చెప్పాలి. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే ఆవిడ మా అందరికీ బైబిలు అమ్మగారు, హిందీవాళ్ళకి దీదీ. పొట్టిగా, గుండ్రంగా ఉండేది, తెల్ల చీర, రబ్బరు చెప్పులు. ద్వీపానికి వచ్చి అప్పటికే పన్నెండేళ్ళు. ఆవిడ ముఖం చూస్తే జన్మలో ఒక్క కష్టం ఎరగదనుకుంటారు. ఆ ముఖం వెనక ఒక కట్టుబాటు ఉందని నాకు మొదటివారమే తెలిసింది. గాలికి కళ్ళు మండుతున్నాయని నేను చెప్పిన రోజున ఆవిడ నా పక్కన చతికిలబడి, "అబద్ధాలాడకే పిల్లా. ఏడుపొస్తే ఏడువు. సణగాలంటే సణుగు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి పావుగంట. దేవుడు మనకిచ్చిన పావుగంట ఇదే. దిగేటప్పుడు మాత్రం ముఖం తుడుసుకుని దిగాలి. మనం ఎల్లే ఇళ్ళల్లో ఆళ్ళ బాధలు ఆళ్ళకున్నాయి, మనవి గూడా మోసుకెళ్ళి ఆళ్ళ నెత్తిన పెడతామేటి?" అంది.

ఇక ఆవిడ సణుగుడు వినాలి! మోకాళ్ళ నెప్పి, చర్చి అయ్యగారి పొడుగు ప్రసంగాలు, పక్కన బుట్టలో ఎండుచేపల కంపు, ఉత్తరం రాయని తమ్ముడు, చెప్పు తెగడం, చింతపండు దొరక్కపోవడం, ఒకటా రెండా! సగం తెలుగు, సగం హిందీ. ఫెర్రీ నడిపే సారంగు కూడా వెనక్కి తిరిగి వినేవాడు. ఫెర్రీ జెట్టీకి టంగుమని తగలగానే సగం మాటలో ఆపేసి, చెంగుతో ముఖం తుడుచుకుని, "చలో" అని చిన్నపిల్లలా గెంతి దిగేది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆవిడ నోట ఒక్క 'అబ్బా' వినబడేది కాదు. నాకు మాత్రం అంత సులువుగా వంటబట్టలేదు. నేను దిగాక కూడా ఓ గంట మూతి ముడుచుకునే ఉండేదాన్ని.

మూడు నెలలకి ఆ వారం వచ్చింది. వానలు పట్టుకున్నాయి. సోమవారం అమ్మగారికి చలిజ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మంగళవారం బాంబూఫ్లాట్‌లో రెండిళ్ళలో ప్రార్థన కూడికలున్నాయి. ఒకటి కొత్త ఇంట్లో దిగినవాళ్ళ కృతజ్ఞత కూడిక. రెండోది ఇంటిపెద్ద పోయి తొమ్మిది రోజులైన ఇంట్లో ఆదరణ కూడిక, అంటే ఏడ్చేవాళ్ళ దగ్గర కూర్చుని నాలుగు ఓదార్పు మాటలు చెప్పి ప్రార్థన చేసి రావడం. అమ్మగారు వణుకుతూనే దారి చెప్పింది. "కొత్త రేకులేసిన ఇల్లు సంతోషం ఇల్లు. బావి పక్కది దుఃఖం ఇల్లు. అడిగి ఎల్లు." నేను కొండ మీద ఆ వైపుకి అంతకు ముందు ఒక్కసారే వెళ్ళాను. అడగమంది కదా, అడగలేదు. ఎందుకంటే వాన కుమ్మేస్తోంది, ఫెర్రీ ఆలస్యమైంది, పైగా ఇరవై రెండేళ్ళ పొగరు. మెరిసే కొత్త రేకులు కనిపించాయి, వాకిట్లో చెప్పులు గుట్టగా ఉన్నాయి, ఇంకేం కావాలి? లోపలికి దూరి, "వందనాలండీ!" అంటూ సంచిలోంచి కంజిర తీశాను.

లోపల ఆడవాళ్ళు పది పదిహేనుమంది చాపల మీద కూర్చున్నారు. ఎవరూ పలకలేదు. వానకి ముడుచుకుపోయారు పాపం, నేనే హుషారు తేవాలి అనుకుని చప్పట్ల పాట ఎత్తుకున్నాను. ఒక్కరూ అందుకోలేదు. సిగ్గు కాబోలని ఇంకా గట్టిగా పాడాను. రెండో చరణానికి కంజిరని తలపైకి ఎత్తి మరీ వాయించాను. పాటయ్యాక కళ్ళు మూసుకుని, ఇంత చక్కటి ఇల్లు ఇచ్చినందుకు స్తోత్రాలు చెప్పి, ఆ ఇంటి పెద్దాయన ఈ కొత్త రేకుల కింద నూరేళ్ళు చల్లగా ఉండాలని ప్రార్థించాను. ఆమెన్ అని కళ్ళు తెరిచేసరికి గోడకి ఆనుకుని కూర్చున్న పెద్దావిడ నాకేసి అదోలా చూస్తోంది. ఆవిడ పక్కన గూట్లో ఒక మగమనిషి ఫోటో, దాని ముందు కొవ్వొత్తి ఉన్నాయి. ఆయన పోయేముందు వారమే ఇంటికి కొత్త రేకులు వేయించాడట. జ్వరం వణుకులో అమ్మగారికి ఆ సంగతి తట్టలేదు కాబోలు, ఇంటి పక్క బావిని వానలో నేను చూడలేదు.

ఆవిడ మరిది లేచాడు. చేత్తో గుమ్మం చూపించి, "ఇంక ఎళ్ళండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి" అన్నాడు. అరిచినా బాగుండేది, మెల్లిగానే అన్నాడు. నా కాళ్ళు ఎలా బయటికొచ్చాయో నాకు తెలియదు. రెండో ఇంటి కూడిక కూడా ఎగ్గొట్టి, కొండ దిగి జెట్టీకి వచ్చేసరికి, సముద్రం బాగా లేదు, ఫెర్రీ బంద్ అన్నారు. మంగళ, బుధ రెండు రోజులూ అక్కడే ఉన్న మా ప్రార్థన పాకలో చిక్కుకుపోయాను. రేకు కన్నంలోంచి నీళ్ళు సరిగ్గా నా బైబిలు మీదే పడ్డాయి. బుధవారం స్త్రీల కూడికకి గంట కొట్టి గంటసేపు కూర్చుంటే, వాన తప్పించుకోడానికి ఒక మేక మాత్రం వచ్చింది. మామూలుగా పాకలో ఉండిపోతే, శనివారం దాకా ఆగకుండా మూడు నాలుగిళ్ళ నుంచి గుప్పెడు బియ్యం వచ్చేవి. మన సంఘాల్లో ఉన్న ఆనవాయితీయే, వంటకి బియ్యం కొలిచినప్పుడల్లా ఇల్లాలు ఒక గుప్పెడు తీసి సేవకుల పేరిట వేరే కుండలో వేస్తుంది, శనివారం మేం తెచ్చుకుంటాం. ఆ వారం పాక వైపు ఎవరూ తొంగిచూడలేదు. కబురు కొండంతా పాకిందని నాకు అర్థమైంది. ఏడుద్దామంటే ఫెర్రీ లేదాయె! కట్టుబాటు కట్టుబాటే కదా అని పళ్ళు బిగబట్టి కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు ఆ మేక ముందు కూడా ఏడవలేదు.

గురువారం ఫెర్రీ నడిచింది. ఆ పావుగంటా ఎంత ఏడ్చానంటే, టీ అమ్మే ఆయన డబ్బులు తీసుకోకుండా గ్లాసు చేతిలో పెట్టి, "బస్ కర్ బేటీ" అన్నాడు. ఇంటికెళ్ళి బావగారితో, "శనివారం మద్రాసు ఓడలో నాకు చోటు చూడండి, నేను వెళ్ళిపోతాను" అన్నాను. ఆ ఓడ తప్పితే మళ్ళీ నెల దాకా లేదు. బావగారు వెళ్ళి చోటు చూసి వచ్చారు. అక్క మాత్రం నా పెట్టె సర్దుతూ, "అమ్మకి ఏం చెబుతావే?" అని ఒక్కమాట అంది. దండ వేసి పంపిన ముఖాలన్నీ కళ్ళముందు తిరిగాయి.

శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళి అమ్మగారికి అంతా చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నది. తిడుతుందనుకున్నాను, ఓదారుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు. "ఓడెక్కుతావో మానేస్తావో నీ ఇష్టం. నేనేటీ అన్ను. కానీ ఆదరణ కూడిక బాకీ ఉంది. అది చేసి ఎక్కు" అంది. "వాళ్ళు గుమ్మం తొక్కొద్దన్నారు" అన్నాను. "గుమ్మం బైటే కూకో. వాకిలి దేవుడిదే" అని అటు తిరిగి పడుకుంది.

ఓడ శనివారం మధ్యాహ్నం రెండింటికి. పొద్దున్నే మొదటి ఫెర్రీ ఎక్కాను. ఆ రోజు భయంతో ఏడుపు కూడా రాలేదు. ముఖం తుడుచుకోడానికి ఏమీ లేకపోయినా, దిగేముందు అలవాటుగా చెంగుతో తుడుచుకున్నాను. కొండెక్కి ఆ ఇంటి వాకిట్లో, తడి నేల మీదే కూర్చున్నాను. మరిది పనికెళ్ళినట్టున్నాడు. కాసేపటికి పెద్దావిడ చేటతో బియ్యం చెరుగుతూ బయటికొచ్చి నన్ను చూసింది.

"చిన్న అమ్మగారా? ఆ మట్టిలో ఏటమ్మా? లెగు, లోపలికి రా."

"క్షమించమని అడగడానికి వచ్చానండీ" అన్నాను. 

ఆవిడ చేట పక్కన పెట్టి నా ఎదురుగా కూలబడింది. ముఖం ముడుచుకుపోయింది. ఏడుస్తోందనుకున్నాను. కాదు, నవ్వు ఆపుకోలేకపోతోంది.

"ఓలమ్మో! ఆ కంజిర నెత్తి మీదికెత్తి వాయించేవు సూడు! తొమ్మిది రోజులై నా నోట నవ్వన్నది నేదు. ఆ రోజు నువ్వెళ్ళేక తలుపేసుకుని నవ్వేను. మా ఆయనుంటే పొట్ట పట్టుకుని దొర్లీవోడు, ఆ మనిషికి నవ్వడానికి ఏదైనా సాలు" అంది. అంటూనే నవ్వు కాస్తా ఏడుపైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని, "అందరూ వొచ్చి దేవుడి సిత్తం అన్నారు, ఓర్సుకో అన్నారు. నువ్వొక్కదానివే నూరేళ్ళు అడిగేవు. నేను గూడా అదే అడిగేనమ్మా. రోజూ అడిగేను. ఎవులితోనూ సెప్పుకోలేకపోయేను" అంది.

నేను ఏ వచనమూ చదవలేదు. ఆవిడ చేయి పట్టుకుని కూర్చున్నాను, అంతే. ఇద్దరం హాయిగా ఏడ్చాం. ఫెర్రీ లేకుండా, అవతలి ఒడ్డున, కట్టుబాటంతా గంగలో కలిపి ఏడ్చాం. ఆ ఆదరణ కూడికలో ఎవరు ఎవరిని ఆదరించారో నేనిప్పటికీ చెప్పలేను.

మధ్యాహ్నమయ్యాక లేవబోతుంటే ఆవిడ లోపలికెళ్ళి ఒక చిన్న కుండ తెచ్చింది. "ఇన్నాళ్ళూ పొయ్యి ఎలిగించనేదు, ఇరుగుపొరుగులే అన్నం తెచ్చి పెట్టేరు. నిన్ననే ఎలిగించేను. రెండు పూటలే అయ్యింది, అంచేత రెండు గుప్పిళ్ళే ఉన్నాయి" అని నా చెంగులో పోసి ముడి వేసింది. "వొచ్చే శనారం నిండా ఉంటాయి. వొస్తావు కదా?"

వస్తానన్నాను. ఓడ సంగతి ఆ క్షణంలో నిజంగానే గుర్తులేదు. గుర్తొచ్చింది తిరుగు ఫెర్రీలో. హార్బరు మధ్యలో ఉండగా, హాడో రేవు నుంచి మద్రాసు ఓడ పెద్దగా కూత పెట్టి కదిలింది. సారంగు మా ఫెర్రీని పక్కకి నిలిపి దానికి దారిచ్చాడు. అందులో నా పేరున ఒక చోటు ఖాళీగా వెళ్ళిపోతోంది. చెంగు ముడి గట్టిగా పట్టుకుని దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎంత హాయిగా అనిపించిందో! సణగడానికి ఆ పావుగంటలో నాకు ఒక్కటంటే ఒక్క విషయం దొరకలేదు. ఇంటికెళ్తే అక్క నా పెట్టె విప్పేసి, చీరలు మళ్ళీ దండెం మీద వేసి ఉంది. బావగారు నన్ను చూసి, "నువ్వు ఓడెక్కవని మీ అక్క పొద్దున్నే చెప్పింది. ఒక మనిషికి ఎక్కువే వండింది కూడానూ" అన్నారు. రెండేళ్ళకని వచ్చినదాన్ని ఇక్కడే ఉండిపోయాను. ఆ పెద్దావిడ పోయినప్పుడు, ఆ ఇంట్లోనే, మరిది అడిగి మరీ నా చేత పాడించాడు. కంజిరతోనే పాడాను.

ఇదంతా ఆ అమ్మాయికి చెప్పలేదు. పావుగంటలో ఎక్కడ సరిపోతుంది? జరిగి పక్కన చోటిచ్చి, "కూర్చో బేటీ. గాలి లేదని నాకూ తెలుసు. ఇంకా పది నిమిషాలుంది, ఏడుపైనా సణుగుడైనా ఇక్కడే కానిచ్చెయ్. దిగేటప్పుడు మాత్రం ముఖం తుడుచుకుని దిగాలి" అన్నాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, కూర్చుని, మొదలుపెట్టింది. వాన, చెప్పులు, ఎవరూ రాని కూడిక, కసురుకునే పెద్దలు. సగం హిందీ, సగం తెలుగు. నేను వింటూ కూర్చున్నాను. ఫెర్రీ జెట్టీకి టంగుమని తగిలింది. చున్నీతో ముఖం తుడుచుకుని ఆ పిల్ల చెంగున దిగింది, నేను రైలింగు పట్టుకుని మెల్లిగా దిగాను. ఆనాటి రెండు గుప్పెళ్ళ బియ్యం ఆ సాయంత్రం ఒక్క పూటకే సరిపోయాయి. యాభై ఏళ్ళయింది, నేనింకా ఆ అన్నమే తింటున్నాను.