మా బడి కంప్యూటర్ మీద గరక

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మా బడి కంప్యూటర్‌కు కూడా గ్రహణం పట్టేది. నవ్వకండి, కళ్ళారా చూశాను.

గ్రహణం రోజు ఇంట్లో అమ్మ తొక్కు జాడీ మీద, మంచినీళ్ళ బిందెలో గరక వేసేది. అమ్మ మీద నాకు కోపం లేదు... ఆమెను బడికి పంపినవాళ్ళే లేరు. కంప్యూటర్ మీద గరక వేసింది మాత్రం మా సైన్స్ సార్. బల్బును సూర్యుడని, బంతిని చంద్రుడని చూపించి, "గ్రహణమంటే నీడ తప్ప ఏం లేదు" అని మాతో నోట్సు రాయించిన సారే.

బడి మొత్తానికి ఒకటే కంప్యూటర్. దానికి పూల గుడ్డ ముసుగు, ఆ గదికి తాళం. చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కొని లోపలికి పోవాలి. రాసిన ప్రోగ్రాం దాచుకునే ఫ్లాపీ అయితే సార్ బీరువాలోనే... ఊరికే వాడితే అరిగిపోతుందని ఆయనగారి పరిశోధన. "పని పూర్తయినంక ఇస్త" అనేవారు. అందుకే ఎప్పుడు కూర్చున్నా ప్రోగ్రాం మొదటినుంచి టైప్ చేసుకోవాల్సిందే.

ఎనిమిదో తరగతిలో బేసిక్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. తెర మీద తెల్ల వృత్తం సూర్యుడు, నల్ల వృత్తం చంద్రుడు. నల్లది తెల్లదాని మీదుగా మెల్లగా జరగాలి. అది పనిచేస్తే గ్రహణం రోజు పిల్లలందరికీ చూపిస్తానని సార్ మాటిచ్చారు. ఆ సంబరానికి నాకు అన్నం కూడా సహించలేదు.

కానీ నల్లది జరిగినచోటల్లా తెలుపు చెరిగిపోయేది. చంద్రుడు దాటిపోయినా నా సూర్యుడు తిరిగి వచ్చేవాడు కాదు. ఏడుపొచ్చేది... చివరికి గ్రహణం రోజు పొద్దున బడికి నడుస్తుంటే తట్టింది. నల్లది జరిగిన ప్రతిసారీ తెల్లదాన్ని మళ్ళీ గీయాలి. అంతే.

పరుగెత్తుకెళ్ళి టైప్ చేయడం మొదలుపెట్టాను. ప్రోగ్రాం చివరి వరసలో ఉండగా సార్ వచ్చారు. చేతిలో గరక. మానిటర్ మీద రెండు పోచలు పెట్టి, మెయిన్ బంద్ చేశారు.

"నీడనే కద సార్... మీరే చెప్పిన్రు," అన్నాను.

"అది పరీక్షల రాసేటందుకు బిడ్డా. గిది మస్తు పిరమైన కంప్యూటర్. కిరణాలు తగిలి ఖరాబైతే ఎవరు జవాబు చెప్తరు?"

ఈ మాట అన్న మనిషికి జీతం ఇచ్చేది సైన్స్ చెప్పమని.

గ్రహణం విడిచేదాకా మమ్మల్ని కిటికీలు మూసి తరగతుల్లో కూర్చోబెట్టారు. విడిచాక సార్ బడి వెనకే ఉన్న ఇంటికి పోయి తలస్నానం చేసి వచ్చారు... మరి కంప్యూటర్‌కు స్నానం వద్దా? చెంబులో పసుపు నీళ్ళు తెచ్చి మామిడాకుతో చల్లారు. కీబోర్డు మీద, పెట్టె మీద, మానిటర్ వెనక గాలి కోసం ఉన్న సందుల్లోకి... ఎంత శ్రద్ధో. "ఇగ మల్ల టైప్ జేసి జూపియ్ బిడ్డా నీ గ్రహణం" అని మెయిన్ వేశారు.

టప్‌మంది. గదంతా కమురు వాసన.

సార్ ఒక్క క్షణం కూడా తడబడలేదు. గుమ్మం దగ్గర మూగిన పిల్లలవైపు తిరిగి, "జూసిన్రా... మెయిన్ బంద్ జేసినా ఇడ్వలే. గ్రహణమంటే గట్లుంటది," అన్నారు. పసుపు నీళ్ళ చెంబు ఇంకా ఆయన చేతిలోనే ఉంది. పిల్లలందరూ తలలూపారు.

నా ప్రోగ్రాం చూడాల్సిన పిల్లలు వాళ్ళే. కంప్యూటర్ ఆటసామాన్ల గదిలోకి చేరింది, మళ్ళీ బాగుపడలేదు. నా సూర్యుడు తిరిగి రావడం నేను చూడనే లేదు...

ఇప్పుడు ఆదిభట్లలో ఐటీ ఉద్యోగం. కంపెనీ బస్సు, మెడలో కార్డు, చుట్టూ అందరూ ఇంజనీర్లే. మొన్న సూర్యగ్రహణం రోజు మా టీం లీడ్ నవీన్, నాకంటే చిన్నవాడు, కొత్త వెర్షన్ రిలీజ్ ఆపేశాడు.

"సర్వర్ ఉన్న దేశంల ఇప్పుడు రాత్రి నవీన్. ఆడ సూర్యుడే లేడు," అన్నాను.

"తెల్సక్కా. సైన్స్ నేను గూడ సద్వుకున్న. కానీ ఏమన్నయితే? రిస్క్ ఎందుకు..."

ఏమన్నా కావడం మాకు కొత్తా? గ్రహణం లేకుండానే వారానికోసారి అవుతూనే ఉంది... మేం రాసే చెత్త కోడ్ వల్ల. ఆ మాటంటే ముఖాలు మాడ్చుకుంటారు.

పనిలేక కూర్చొని ఆ పాత ప్రోగ్రాం మళ్ళీ రాశాను. నల్ల వృత్తం తెల్లదాని మీదుగా జరిగింది... దాటింది... తెల్లది చెక్కుచెదరకుండా తిరిగి వచ్చింది. ఇన్నేళ్ళకు చూశాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, దాచుకోవడమెందుకు.

నవీన్ నా వెనక నిలబడి చూశాడు. "మస్తున్నదక్కా. నాకు పంపు... గ్రహణం ఇడిసినంక గ్రూప్‌ల పెడ్త."

అప్పుడు బడికంతా ఒక్క కంప్యూటర్... ఇప్పుడు మనిషికి రెండు. గరక వెతికే ఓపిక మాత్రం ఎవరికీ లేదు, ఉత్త భయమే మిగిలింది. మా సార్ కనీసం తలస్నానమైనా చేశారు.

మీ బడి కంప్యూటర్‌కు ఏమేం పూజలు జరిగాయో కింద రాయండి... "పెద్దలు ఊరికే చెప్పలేదు" అని రాయబోయేవాళ్ళు మాత్రం, ముందు చేతిలో ఉన్న ఫోన్ మీద పసుపు నీళ్ళు చల్లుకొని, ఆ తర్వాత రాయండి.